తెర పడేదాకా: 24 నాటకాల ప్రాజెక్టు డైరీ

గత ఏడాది దాచుకున్న ఆహ్వానపత్రాలు, కరపత్రాలు, టికెట్టు ముక్కలు నేల మీద పరిచి లెక్కపెట్టాను. మొత్తం 19 నాటకాలు. ఒక్కో కాగితం వెనుక ఆ నాటకం ఎలా ముగిసిందో రాద్దామని కూర్చుంటే, 8 కాగితాల మీద మాత్రమే రాయగలిగాను. తక్కిన 11 నాటకాల ముగింపు నాకు తెలియదు. మధ్యలో లేచి వచ్చేశాను, లేదా కూర్చున్నచోటే నిద్రపోయాను.

11 ముగింపులు ఎందుకు తప్పాయంటే:

- ఆఖరి బస్సు కోసం లేచినవి: 6
- మాటలు వినపడక విసుగొచ్చి లేచినవి: 3
- నిద్ర: 2

వీటిలో నాకు బాగా గుచ్చుకున్నది సత్య హరిశ్చంద్ర. చిన్నప్పటి నుంచి ఆ పద్యాలు వింటూ పెరిగాను. కానీ కాటిసీను రంగస్థలం మీద ఒక్కసారి కూడా చూడలేదు. అది తెల్లవారుజామున వస్తుంది, అప్పటికి నేను ఉండను. తెనాలిలో ఉండే మా మేనత్త ఈ మాట విని, "కాటిసీను చూడకపోతే హరిశ్చంద్ర చూసినట్టే కాదమ్మాయీ" అన్నారు.

ఈ ఏడాది లక్ష్యం 24 నాటకాలు, ప్రతిదీ చివరిదాకా. ఎలా చేశానో, ఎక్కడ పాడుచేసుకున్నానో రాసిపెడుతున్నాను. నాలాగే సగం నాటకాలు చూసి ఇంటికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

దశ 1: ఏది లెక్కలోకి వస్తుంది

1. తెర లేవకముందే సీట్లో ఉండాలి. పద్యనాటకమైతే నాందీ ప్రార్థన మొదలైన నిమిషమే తెర లేచిన సమయం.
2. తెర పడ్డాకే లేవాలి.
3. నాటక పరిషత్తు పోటీల్లో ఒకే సాయంత్రం మూడు నాటికలు (చిన్న నాటకాలు) ఉంటే మూడుగా లెక్క.
4. మధ్యలో నిద్రపోతే అది చూసిన నాటకాల్లో చేరుతుంది, పూర్తయిన వాటిలో చేరదు.

నాలుగో నియమం మొదట పెట్టలేదు. దశ 5 తర్వాత వెనక్కి వచ్చి చేర్చాను.

దశ 2: గడియారం

విజయవాడలో మా ఇంటి నుంచి తుమ్మలపల్లి కళాక్షేత్రానికి స్కూటరు మీద వెళ్లిపోవచ్చు. తెనాలి, గుంటూరు అయితే రైలో బస్సో ఎక్కాలి. మధ్యలో లేచి వచ్చినవన్నీ దాదాపు పొరుగూరి నాటకాలే. అందుకని మొదటి తొమ్మిది రాత్రులు ఒకే పని పెట్టుకున్నాను. ఆహ్వాన కార్డులో అచ్చువేసిన సమయం, నిజంగా తెర లేచిన సమయం, ఈ రెండూ రాసుకోవడం.

ఆలస్యం నిమిషాల్లో: 35, 70, 50, 65, 20, 75, 45, 60, 48. మొత్తం 468. సగటు 52 నిమిషాలు.

ఆ సమయమంతా ఎక్కడికి పోతుందో కూడా చూశాను. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి రాక, ఉపన్యాసాలు, సన్మానం, జ్ఞాపికలు. దీనిమీద నాకు కోపం లేదు. మన దగ్గర చాలా నాటకాలకు ప్రవేశం ఉచితం. హాలు అద్దె, నాటక సమాజం ప్రయాణం, రంగులు, తెరలు, ఇవన్నీ ఎవరో ఒక దాత ఇచ్చిన డబ్బుతోనే జరుగుతాయి. ఆ దాతకు శాలువా కప్పే పదిహేను నిమిషాలు నాటకం ఖర్చులో భాగమేనని నా అభిప్రాయం. ఆ పదిహేను నిమిషాలు గంట కాకుండా చూసుకుంటే నటులకూ మేలు. రంగు వేసుకుని, కిరీటం పెట్టుకుని వింగులో గంటసేపు నిలబడినవాళ్ల గొంతు తొలి పద్యంలోనే తెలిసిపోతుంది.

ఇక్కడ చేసిన తప్పు ఒకటి. నాలుగు రాత్రుల లెక్క చేతిలో పడగానే సగటు తీశాను. 55 నిమిషాలు. ఐదో రాత్రి తెలివిగా 50 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఆ రోజు అతిథి రాలేదు, సభ పది నిమిషాల్లో ముగించారు, 20 నిమిషాలకే తెర లేచింది. గయోపాఖ్యానంలో అరగంట పోయింది. గయుడు శరణు కోరి అర్జునుడి దగ్గర మాట తీసుకునే రంగం అయిపోయాక వెళ్లి కూర్చుంటే, కృష్ణుడికీ అర్జునుడికీ మధ్య యుద్ధం దాకా ఎందుకు వచ్చిందో ఆ రాత్రి నాటకంలో నాకు చేరలేదు. కథ తెలుసు కదా అనుకోవద్దు. ఆ మాట ఇచ్చేటప్పుడు నటుడి ముఖం చూడకపోతే తరువాతి గొడవంతా బరువు లేకుండా పోతుంది.

సగటు ఎప్పుడు వెళ్లాలో చెప్పదు. ఎప్పుడు తిరిగి రాగలమో చెబుతుంది. మార్చిన పద్ధతి ఇది:

1. వెళ్లడం: కార్డులో ఉన్న సమయానికి పది నిమిషాల ముందు. ఇందులో మార్పు లేదు.
2. తిరుగు ప్రయాణం: కార్డు సమయానికి 75 నిమిషాలు (ఇంతవరకు చూసిన గరిష్ఠ ఆలస్యం), దానికి నాటకం నిడివి, దానికి ఇంకో 20 నిమిషాలు కలపాలి.
3. అలా వచ్చిన సమయం ఆఖరి బస్సు దాటితే, ఆ ఊళ్లోనే పడుకోవడానికి చోటు చూసుకున్నాకే బయలుదేరాలి.

మూడో సూత్రం పెట్టగానే తెనాలి నాటకాలన్నీ మా అత్తయ్య ఇంటికి ముడిపడ్డాయి. విజయవాడకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరమే, కానీ రాత్రి పదకొండుకు ఆ దూరం చాలా ఎక్కువ. "నాటకం అయ్యాక వచ్చి పడుకుంటాను" అని ఫోను చేస్తే, "పడుకోవడానికి రావడం ఎందుకు, నేనూ వస్తాను" అన్నారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కడ డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు కూడా నాటకం గురించి నిన్నటి సంగతిలా మాట్లాడుకుంటారు.

పరిషత్తు రాత్రులకు వేరే లెక్క ఉంది. నేను చూసిన నాటికల నిడివి 52 నుంచి 64 నిమిషాలు. మధ్యలో సెట్టు మార్చడానికి 15 నుంచి 25 నిమిషాలు. మూడో నాటిక వచ్చేసరికి హాలు సగం ఖాళీ అవుతుంది. పోటీలో ఆ సమాజానికి చీటీలో మూడో స్థానం రావడమే దురదృష్టం. మొదటి పరిషత్తు రాత్రి నేనూ రెండో నాటికకే లేచాను. బయట మెట్ల మీద మూడో సమాజం కుర్రాళ్లు తలుపుచెక్కలు, మంచం, ఉత్తుత్తి కిటికీ మోసుకుంటూ లోపలికి వెళ్తూ ఎదురయ్యారు. వాళ్లు నా వైపు చూసిన చూపుకి, రెండో పరిషత్తు రాత్రి చివరిదాకా కూర్చున్నాను.

ఇప్పటికి:
- రాత్రులు 9
- చూసిన నాటకాలు 13, పూర్తిగా చూసినవి 8
- ఖర్చు రూ. 2,140

దశ 3: చీకట్లో రాసుకోవడం

నాటకం అయిపోయి ఇంటికి వచ్చేసరికి సగం మరిచిపోతున్నాను. హాల్లోనే రాసుకోవాలి. మూడు పద్ధతులు ప్రయత్నించాను.

మొదటిది ఫోను. వెలుగు ఎంత తగ్గించినా పక్కవారికి తగులుతుంది. వెనుక వరుస నుంచి ఒక పెద్దాయన, "ఆ దీపం ఆపమ్మా, అక్కడ చంద్రమతి ఏడుస్తోంది" అన్నారు. ఆ తర్వాత హాల్లో ఫోను తీయలేదు.

రెండోది మామూలు నోటు పుస్తకం. చూడకుండా రాస్తే గీత మీద గీత పడింది. ఒక పేజీలో నాలుగు పంక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక్క మాటా చదవలేకపోయాను.

మూడోది పనిచేసింది. ఎవరైనా చేసుకోవచ్చు:

1. పాత క్యాలెండరు అట్టను పోస్టుకార్డు కొలతకు కత్తిరించాలి. 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు.
2. అదే కొలత తెల్లకాగితాలు అట్టకు క్లిప్పు పెట్టాలి.
3. అడ్డంగా రబ్బరు బ్యాండ్లు వేయాలి. ఒక్కోదాని మధ్య ఎడం 18 మిల్లీమీటర్లు. 12 పెడితే అక్షరాలు బ్యాండు మీదికి ఎక్కాయి, 25 పెడితే నాలుగు పంక్తులకే కార్డు అయిపోయింది.
4. ఎడమ బొటనవేలు బ్యాండు మీద ఆనించి, దాని కిందుగా రాయాలి. పంక్తి అయ్యాక వేలు తరువాతి బ్యాండుకు జరపాలి.
5. పెన్ను వద్దు, మెత్తని పెన్సిలు వాడాలి. పెన్ను ఆగిపోయినా చీకట్లో తెలియదు.

కార్డుకు ఐదు పంక్తులు పడతాయి. అంతకన్నా ఎక్కువ రాస్తే నాటకం చూడటం మానేసినట్టే. మొదటి రాత్రి ఆరు కార్డులు నింపి ఇంటికొచ్చి చూసుకుంటే, మాటలన్నీ ఉన్నాయి, నటుడు ఎక్కడ నిలబడ్డాడో ఒక్కటీ గుర్తులేదు. రెండో రాత్రి రెండు కార్డులకే కట్టుబడ్డాను. కార్డులను ఆ రాత్రే పుస్తకంలోకి ఎక్కించాలి. ఒక కార్డు మరునాటికి వదిలేస్తే "కుర్చీ - తండ్రి - మళ్లీ" అని ఉంది. ఏ కుర్చీ, ఎవరి తండ్రి, ఇప్పటికీ తెలియదు.

ఇప్పటికి:
- రాత్రులు 11
- చూసిన నాటకాలు 15, పూర్తిగా చూసినవి 10
- ఖర్చు రూ. 2,610 (అట్ట, బ్యాండ్లు, పెన్సిళ్లు కలిపి 40)

దశ 4: ఏ వరుసలో వినపడుతుంది

పద్యనాటకంలో వినపడకపోతే చూడటానికి మిగిలేది రంగులూ కిరీటాలే. నాలుగు రాత్రులు దీనికే పెట్టాను. కొలవడానికి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు తీసుకున్నాను. ఆ రెండు నాటకాల్లోని రంగాలు కలిపి కురుక్షేత్రం పేరుతో ఆడతారు కాబట్టి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పడక సీను, రాయబారం ఎలాగూ ఉంటాయి.

పద్ధతి:

1. వెళ్లేముందు పుస్తకం చదివి పది పద్యాలు గుర్తుపెట్టుకోవాలి. బాగా తెలిసినవి వద్దు. తెలిసిన పద్యాన్ని చెవి వినకపోయినా మనసు పూరించేస్తుంది.
2. హాల్లో ఆ పద్యం వచ్చినప్పుడు నాలుగో పాదంలోని మాటలు విడివిడిగా వినపడితే కార్డు మీద గీత, లేకపోతే సున్న.
3. ఒక్కో రాత్రి ఒక్కో వరుస.

ఫలితాలు ఇలా వచ్చాయి. రెండో వరుస, ఎడమ పక్క లౌడ్‌స్పీకరు ఎదురుగా: పదికి 4. పద్నాలుగో వరుస, బాల్కనీ కింద: 5. ఏడో వరుస, మధ్యలో: 9. నాలుగో రాత్రి వేరే హాలు. ఏడో వరుస మధ్యలోనే కూర్చున్నా తొలి ఆరు పద్యాల్లో ఒక్కటే దక్కింది.

నాలుగో పాదమే ఎందుకంటే, మన రంగస్థల పద్యంలో రాగం సాగేది అక్కడే. మొదటి మూడు పాదాలు నటుడు మాటలా విసురుగా చెప్పేసి, చివరి పాదాన్ని పట్టుకుని ఆలాపనలోకి వెళ్తాడు. అక్కడ హార్మోనియం కూడా పైకి లేస్తుంది. హల్లులన్నీ దాని కింద పడిపోయి అచ్చులు మాత్రం మిగులుతాయి. లౌడ్‌స్పీకరు పక్కన కూర్చుంటే వినపడేది ఆ అచ్చులే. బాల్కనీ కింద శబ్దం గుడ్డలో చుట్టినట్టు వస్తుంది.

మైకు సంగతి కూడా గమనించాను. పైనుంచి వేలాడే మైకు ఉన్నచోట పాతతరం నటులకు ఒక నడక ఉంది. పద్యం ఎత్తుకునే ముందు ఒక అడుగు ముందుకు వేస్తారు, ఆలాపన పై స్థాయికి వెళ్లేసరికి అర అడుగు వెనక్కి జరుగుతారు. ఆ అర అడుగుతో శబ్దం చిట్లిపోదు. దుస్తులకు తగిలించే చిన్న మైకు వచ్చాక ఆ అడుగు అవసరం తీరిపోయింది. కానీ కృష్ణుడి మెడలో హారాలు మైకుకు రాసుకుని, పద్యం మధ్యలో గరగరమని ఒకటే చప్పుడు. రాయబారంలో ఒక కృష్ణుడు రెండు పద్యాలయ్యాక ఎడమచేత్తో హారాలన్నీ పక్కకు పట్టుకుని పాడాడు. చూసేవాళ్లకు అది ఠీవిగానే కనిపించింది. నాకు మాత్రం ఆ పద్యం నాలుగో పాదం మొత్తం దక్కింది.

నాలుగో రాత్రి మధ్యలో లేచి వచ్చాను. నా నియమం నేనే తప్పాను. వెళ్లి మైకులు చూసే అబ్బాయితో మాట్లాడాల్సింది. ఒక స్పీకరు స్టేజీ వైపు తిరిగి ఉందని బయటికి వచ్చేటప్పుడు కనిపించింది. అప్పటికి స్కూటరు దగ్గరికి వచ్చేశాను. వెనక్కి వెళ్లలేదు. ఈ ప్రాజెక్టులో నేను తిరిగి చేయాలనుకునే రాత్రి అదే.

మార్చినవి:

1. మొదటి వరుసలు అతిథులకు వదిలేసి, ఐదు నుంచి ఎనిమిది వరుసల మధ్య, నడిమి కుర్చీలు పట్టుకోవడం. పది నిమిషాల ముందు వెళ్లడం ఇప్పుడు అరగంట ముందుకు మారింది.
2. చెవికి తేడా తెలిస్తే తొలి రంగం అయ్యేలోపు మైకుల దగ్గరికి వెళ్లి మర్యాదగా చెప్పడం.
3. పుస్తకం ముందే చదవడం. పరీక్ష కోసం మొదలుపెట్టాను గానీ ఇప్పుడు మానలేను.

ఇప్పటికి:
- రాత్రులు 15
- చూసిన నాటకాలు 19, పూర్తిగా చూసినవి 13
- ఖర్చు రూ. 3,760

దశ 5: కాటిసీను

*మొదటి ప్రయత్నం.* కృష్ణా డెల్టాలో ఒక ఊరు, శ్రీరామనవమి పందిరి, సత్య హరిశ్చంద్ర. రాత్రి 9.30కి అన్నారు, ప్రార్థన 10.25కి మొదలైంది. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. పందిట్లో పెట్టిన భోజనం కడుపునిండా తిన్నాను. చాప మీద కూర్చుని వెదురు రాటకు చేరబడ్డాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చాలు మనిషిని పడుకోబెట్టడానికి. కార్డు మీద ఆఖరి పంక్తి "1.40 నక్షత్రకుడు". ఆ తర్వాత పెన్సిలు గీత కిందికి జారిపోయింది. కళ్లు తెరిచేసరికి 4.20, చాపలు చుడుతున్నారు. అత్తయ్య పక్కనే కూర్చుని ఉన్నారు, ఒక్క రెప్ప వేసిన జాడ లేదు. "లేపవచ్చు కదా అత్తయ్యా" అంటే, "లేపాను, రెండుసార్లు. చంద్రమతి వచ్చిందని కూడా చెప్పాను. సరేనని మళ్లీ పడుకున్నావు" అన్నారు.

*రెండో ప్రయత్నం.* ఆరు వారాల తర్వాత, ఇంకో ఊరు, అదే నాటకం, వేరే సమాజం. ఈసారి ఒక రోజు సెలవు పెట్టాను.

1. మధ్యాహ్నం 2 నుంచి 4.30 దాకా గది చీకటి చేసుకుని నిద్ర.
2. సాయంత్రం 7కి రెండు ఇడ్లీలు. అక్కడ భోజనం వద్దని ముందే చెప్పడం.
3. టీ రాత్రి 12కి ఒకటి, 2కి ఒకటి. పదిలోపు తాగితే దాని బలం అవసరమైన వేళకు అయిపోతుంది.
4. చాప వద్దు, రాట వద్దు. ఇంటి నుంచి తెచ్చుకున్న పీట. వెనుక ఆనుకోవడానికి ఏమీ ఉండకూడదు.
5. పరదా మారినప్పుడల్లా లేచి పందిరి చివరిదాకా నడిచి రావడం.
6. ఏ సీను ఎన్నింటికో ముందే తెలుసుకోవడం.

ఆరోది అత్తయ్య సలహా. అడగాల్సింది నిర్వాహకులను కాదు, హార్మోనిస్టును అన్నారు. నిజమే. రాత్రంతా స్టేజీ పక్క నుంచి కదలని మనిషి ఆయనే, నటులు వస్తుంటారు, పోతుంటారు. ఇలాంటి నాటకాల్లో ఒకే వేషానికి ఇద్దరు ముగ్గురు నటులు ఉంటారు. అడవి దాకా ఒక హరిశ్చంద్రుడు, కాటికి ఇంకొకరు. కురుక్షేత్రంలో కృష్ణులూ అంతే. నేను వెళ్లి అడిగితే హార్మోనిస్టు శ్రుతి చూసుకుంటూనే, "రెండో హరిశ్చంద్రుడు ఇంకా దారిలో ఉన్నాడమ్మా. వచ్చాడా, మూడున్నర" అన్నారు. కాటిసీను 3.25కి మొదలైంది.

ఆ రాత్రి లెక్క: ప్రార్థన 10.15, మంగళం 4.35. మొత్తం 6 గంటల 20 నిమిషాలు. అందులో వన్స్‌మోర్లు 7, వాటికి 28 నిమిషాలు. చదివింపులకు 22 నిమిషాలు. నటుడి చొక్కాకు నోటు గుచ్చి, ఇచ్చినవారి పేరు మైకులో చదివి, నటుడు దండం పెట్టి, మళ్లీ పాత్రలోకి వెళ్లాలి. నగరం నాటకాలకు అలవాటైన నాకు మొదట్లో ఇది అడ్డుగా అనిపించింది. వారణాసి వీథిలో భార్యను అమ్ముతున్న సీనులో ఒక ముసలామె కొంగుముడి విప్పి పది రూపాయలు తెచ్చి హరిశ్చంద్రుడి చేతిలో పెట్టింది. పేరు చదవవద్దని చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ 22 నిమిషాలను వృథా గడిలో రాయలేకపోయాను. పట్టికలో వేరే గడి గీశాను.

ఇక కాటిసీను. వెనుక నల్ల పరదా, ఒక పక్క ఎర్ర దీపం. రెండో హరిశ్చంద్రుడు భుజాన గొంగళి, చేతిలో కర్రతో వచ్చాడు. ఎంతసేపు ప్రయాణం చేసి వచ్చాడో, తొలి పద్యం గొంతు బొంగురుగా లేచింది. ఎడమ చెవి మీద అరచెయ్యి ఒత్తిపెట్టుకుని శ్రుతి వెతుక్కున్నాడు. హార్మోనిస్టు ఒక్క స్వరం పట్టుకుని అలాగే ఆగారు. రెండో పద్యానికి గొంతు తెరుచుకుంది. పుస్తకం ముందే చదివి వెళ్లాను కాబట్టి తరువాత ఏ పద్యమో నాకు తెలుసనుకున్నాను. తెలియదు. ఆయన ఎత్తుకున్నది జాషువా శ్మశానవాటి పద్యాలు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకంలో అవి లేవు. నటులు తెచ్చి కాటిసీనులో పాడుకున్నారు, జనం వాటిని అక్కడే ఉంచేశారు. ఇప్పుడు అవి లేకుండా కాటిసీను ముగిస్తే ఊరు ఊరుకోదు. అచ్చు పుస్తకం చేతిలో పెట్టుకుని నాటకం వెంట నడవాలనుకునేవాళ్లకు ఇది నా హెచ్చరిక. రంగస్థలం దగ్గర ఇంకో ప్రతి ఉంది, అది నటుల గొంతుల్లో ఉంది.

చంద్రమతి లోహితుణ్ణి చేతుల మీద తెచ్చి పడుకోబెట్టింది. కాటి సుంకం ఇవ్వమని కాపరి అడుగుతాడు. తన దగ్గర ఏమీ లేదంటుంది. మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. అది భర్త కంటికి తప్ప మరెవరికీ కనపడదు. ఆ మాట అన్నాక ఇద్దరూ ఒక్క క్షణం కదల్లేదు. పందిట్లో జనరేటరు చప్పుడు ఒక్కటే. కథ తెలియనివారు అక్కడ ఒక్కరూ లేరు, అయినా అందరూ ఇప్పుడే తెలిసినట్టు కూర్చున్నారు. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

3.25 నుంచి 4.35 దాకా నా కార్డు మీద ఒక్క గీత లేదు.

ఇప్పటికి:
- రాత్రులు 17
- చూసిన నాటకాలు 21, పూర్తిగా చూసినవి 14
- ఖర్చు రూ. 5,080

దశ 6: హైదరాబాదు, రెండు సాయంత్రాలు

సురభి వారి నాటకాలు వరుసగా రెండు రోజులు రవీంద్రభారతిలో. 1961లో, రవీంద్రుడి శతజయంతి ఏడాదిలో మొదలైన హాలు. సురభి అంతకన్నా చాలా పాతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన సమాజం, కుటుంబాలు కుటుంబాలుగా ఇప్పటికీ ఆడుతోంది. వీరి విషయంలో ఆలస్యం 15 నిమిషాలకు మించలేదు. పట్టికలో ఇదే అతి తక్కువ.

మొదటి రోజు మాయాబజార్. ఐదో వరుస దాటి కూర్చోవాలన్న నా సూత్రాన్ని పక్కన పెట్టి, తంత్రాలు దగ్గరగా చూద్దామని మొదటి వరుసలో కూర్చున్నాను. తప్పు. దీపం వాలుగా పడినప్పుడు తీగ తళుక్కుమంది. ఒకసారి తీగ కనపడ్డాక కన్ను దాన్నే వెతుకుతుంది. రెండో రోజు పదో వరుసకు మారాను. గాలిలో అస్త్రాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే పక్కన కూర్చున్న పిల్లాడు కుర్చీ మీద నిలబడిపోయాడు, నేనూ వాడితో పాటు చప్పట్లు కొట్టాను. పద్యనాటకానికి ఏడో వరుస, సురభికి పదో వరుస. పట్టిక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

పరదాల గురించి ఒక మాట. అంతఃపురం పరదా పైకి లేస్తుంటే దాని వెనుక అడవి పరదా అప్పటికే వేలాడుతోంది. రంగానికీ రంగానికీ మధ్య నేను లెక్కపెట్టిన ఎడం ఎక్కువలో ఎక్కువ 40 సెకన్లు. పరిషత్తులో సెట్టు మార్పిడికి పట్టిన 25 నిమిషాలతో పోల్చి చూస్తే, మన పాత పరదా పద్ధతిని అంత తేలిగ్గా వదులుకోకుండా ఉండాల్సిందని అనిపించింది.

ఇప్పటికి:
- రాత్రులు 19
- చూసిన నాటకాలు 23, పూర్తిగా చూసినవి 16
- ఖర్చు రూ. 9,340 (హైదరాబాదు ప్రయాణం, బస కలిపి 4,260)

దశ 7: మిగిలిన 8

*పరిషత్తు, రెండు రాత్రులు, 6 నాటికలు.* తెనాలిలోనే. మూడో నాటికకు హాల్లో కూర్చునేవాళ్లు పెరగాలని ఈసారి ఆఫీసు నుంచి నలుగురిని తీసుకువెళ్తున్నాను. వాళ్లకు మొదటి నాటిక టైము చెప్పలేదు, రెండోదాని టైముకు రమ్మన్నాను. అప్పుడు మూడోదాకా ఓపిక ఉంటుంది. ఇది పనిచేస్తుందో లేదో వచ్చే డైరీలో రాస్తాను.

*కన్యాశుల్కం.* ఇంతకుముందు చూసినవన్నీ రెండున్నర గంటలకు కుదించినవి. గురజాడ నాటకం మొదట ప్రదర్శించింది 1892లో విజయనగరంలో, అచ్చయింది 1897లో. ఇప్పుడు మనం చదివేది 1909లో ఆయన తిరగరాసి పెంచిన ఏడంకాల ప్రతి. గిరీశం చివరి మాట తెలుగువాళ్లకు సామెత అయిపోయింది గానీ, ఏడంకాలూ దాటుకుని ఆ మాట దగ్గరికి చేరినప్పుడు అది ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. ఒక సమాజం కుదించకుండా రెండు రాత్రుల్లో ఆడుతోంది. పూర్తిగా చూస్తే నా పట్టికలో ఒకటిగానే లెక్క. మొదటి రాత్రికి మూడంకాలు మళ్లీ చదివేశాను.

*భామాకలాపం, కూచిపూడిలోనే.* మా ఇంటి నుంచి 60 కిలోమీటర్ల లోపే, అయినా ఎప్పుడూ వెళ్లలేదు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా తెర మీదుగా జడ వేసి ప్రవేశించే తీరు చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. ఆయన 2012లో పోయారు, నేను చూడలేకపోయాను. ఇప్పుడు ఆ జడను తెర మీదుగా ఎవరు వేస్తారో చూడాలి. అత్తయ్యకు మోకాళ్లు నొప్పి, నేల మీద కూర్చోలేరు. పీట ఎత్తు 15 సెంటీమీటర్లు సరిపోలేదు, 30 సెంటీమీటర్లది చేయించాను, అడుగున రబ్బరు అంటించి.

ఈ మూడూ పూర్తయితే 24. ఖర్చు అంచనా ఇంకో రూ. 1,800.

మొదట వచ్చేది భామాకలాపం, వచ్చే శనివారం. కార్డులో సాయంత్రం 6.00 అని ఉంది. అత్తయ్య తెనాలి నుంచి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారు. కూచిపూడిలో 5.30కి ఉండాలి. బసకు చోటు చూశాను. కార్డులు రెండు, మెత్తని పెన్సిలు ఒకటి, రబ్బరు బ్యాండ్లు కొత్తవి, పీటలు రెండు సంచిలో సర్దిపెట్టాను.